రెండు బండ్లలో ఏది ఉంచుకోవాలి: నా అనుభవం

2022 డిసెంబర్‌లో ఒక రాత్రి మా పాపకు జ్వరం 103 దాటింది. కింద రెండు బండ్లున్నాయి. బుల్లెట్ సెల్ఫ్ నొక్కితే టక్ టక్‌మని ఆగిపోయింది. కిక్ కొట్టి కొట్టి నా కాలు పట్టేసింది. నాన్నగారి స్ప్లెండర్ తీద్దామంటే వెనక టైర్లో గాలి లేదు. వీధి చివర ఆటో అబ్బాయిని నిద్ర లేపి గుంటూరు అరండల్‌పేటలో ఆసుపత్రికి వెళ్లాం. "రెండు బండ్లుండి ఏం లాభమండీ, అవసరానికి ఒక్కటీ కదల్లేదు" అంది మా ఆవిడ. కోపంగా కూడా అనలేదు. అందుకే ఆ మాట గుచ్చుకుంది.

స్ప్లెండర్ 2008లో నాన్నగారు కొన్నది. సత్తెనపల్లి దగ్గర బడికి పదేళ్లకు పైగా దాని మీదే వెళ్లొచ్చారు. బుల్లెట్ అంటే 2017లో నేను లోను పెట్టి కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. దాని మీద దోర్నాల ఘాట్ ఎక్కి శ్రీశైలం వెళ్లిన రోజులు నా జీవితంలో మంచి రోజులు. ఒకటి నాన్న బండి, ఇంకొకటి నా కల. ఏది అమ్మాలన్నా చెయ్యి రాలేదు.

కానీ 2023 జూన్‌తో స్ప్లెండర్ ఆర్‌సీకి, అంటే రిజిస్ట్రేషన్‌కి, పదిహేనేళ్లు నిండుతాయి. రెన్యువల్ చేయిస్తే ఇంకో అయిదేళ్లు, లేకపోతే స్క్రాప్. ఎలాగూ తేల్చాలి కాబట్టి ఫిబ్రవరి నుంచి ఒక చిన్న నోటు పుస్తకం పెట్టాను. ఏ రోజు ఏ బండి తీశానో రాయడం, అంతే. మూడు నెలల్లో స్ప్లెండర్ 71 రోజులు, బుల్లెట్ 9 రోజులు. నమ్మబుద్ధి కాలేదు. బ్రాడీపేట సందుల్లో పాపను ట్యూషన్ దగ్గర దింపాలన్నా, మార్కెట్‌కి వెళ్లాలన్నా, సుమారు 190 కిలోల బండిని తిప్పుకోవడం కంటే చేతికి తేలిగ్గా ఉన్నదే తీస్తున్నానన్నమాట.

మెకానిక్ ఇంకో మాట చెప్పాడు. "నడిపే బండి కంటే నిలబెట్టిన బండే తొందరగా పాడవుతుంది సార్." బుల్లెట్ కార్బొరేటర్ విప్పి చూపించాడు. పెట్రోలు ఎండిపోయి గిన్నె అడుగున పసుపు రంగు జిగురులా పేరుకుంది. బ్యాటరీ రెండోసారి మార్చాల్సి వచ్చింది. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి తీసుకునే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే అప్పట్లో స్ప్లెండర్‌కి ఏడాదికి 714 రూపాయలు, బుల్లెట్‌కి 1,366. దాని మీద జీఎస్టీ. డబ్బు సంగతి పక్కన పెడితే, నాకు అసలు బాధ కలిగించింది ఆ జిగురు. అంత ఇష్టపడి కొన్నదాన్ని నేనే పాడుచేస్తున్నాను.

నాన్నగారిని అడిగితే "నా కోసం ఉంచొద్దు నాన్నా, నీకు పనికొస్తే ఉంచుకో" అన్నారు. ఆ మాటతో నా మనసు తేలికపడింది. పనికొచ్చేది ఏదో పుస్తకంలోనే ఉంది.

రెన్యువల్‌కి ఫారం 25 మీద నాన్నగారి సంతకం, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, అప్పట్లో 1,000 రూపాయల ఫీజు, పైన పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్. బండి స్వయంగా ఆర్టీఓ ఆఫీసుకి తీసుకెళ్లి చూపించాలి. చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ కూడా కావాలన్నారు. ఆ నంబరు ఉండే చోట, హ్యాండిల్ కింద హెడ్ పైపు మీద, పదిహేనేళ్ల గ్రీజు, మట్టి. కిరోసిన్ గుడ్డతో అరగంట తుడిచాను. సన్న కాగితం అంటించి పెన్సిల్ పడుకోబెట్టి రుద్దుతుంటే ఒక్కో అంకె తెల్లగా పైకి తేలింది. పక్కన కుర్చీలో కూర్చుని ఆర్‌సీ చేత్తో పట్టుకుని నాన్నగారు ఒక్కో అంకె సరిచూశారు, బడిలో హాజరు తీసుకున్నట్టు. అయిదేళ్లకు రెన్యువల్ అయింది.

బుల్లెట్ అమ్మడమే కష్టమైంది. లోను 2020లోనే తీరిపోయింది కానీ ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. బాకీ లేదని బ్యాంకు అప్పుడిచ్చిన ఎన్‌ఓసీ కాగితం బీరువాలో పెట్టి మర్చిపోయాను. అది చెల్లదని, కొత్తది తెమ్మని ఆర్టీఓ ఆఫీసులో అన్నారు. బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మీలో ఎవరికైనా లోను తీరి ఉంటే ఫారం 35 ఇచ్చి ఆ పేరు ఇప్పుడే తీయించండి, అమ్మే రోజు దాకా ఆగొద్దు.

పిడుగురాళ్ల నుంచి వచ్చిన కుర్రాడు 95 వేలకు బేరం కుదుర్చుకున్నాడు. "పేరు తర్వాత మార్పించుకుంటానన్నా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో ఒక కేసులో చెప్పింది. రేపు ఏదైనా యాక్సిడెంట్ జరిగితే పరిహారం నా నెత్తిన పడుతుంది. పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, 30 మీద ఇద్దరం సంతకాలు చేసి, ఆన్‌లైన్‌లో పెట్టి, ఆ తర్వాతే తాళం ఇచ్చాను. ఇన్సూరెన్స్ కూడా పద్నాలుగు రోజుల్లోపు అతని పేరు మీదకి మార్పించాం. ట్రాన్స్‌ఫర్ అయినట్టు మెసేజ్ వచ్చేదాకా నాకు టెన్షన్‌గానే ఉంది.

కార్తీక మాసంలో స్నేహితులతో స్ప్లెండర్ మీదే శ్రీశైలం వెళ్లాను. 200 కిలోమీటర్ల పైన దారి, ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. దోర్నాల దాటాక ఘాట్‌లో సెకండ్ గేర్‌కి దించాల్సి వచ్చింది, వెనక వచ్చినవాళ్లంతా దాటుకుని పోయారు. ఆ ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం బుల్లెట్ గుర్తొచ్చింది, అబద్ధం చెప్పను. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే చైన్‌కి ఆయిల్ వేశాను. పాప వెనకెక్కి కూర్చుంది, ట్యూషన్‌కి టైమైందంటూ.