పోయిన క్రిస్మస్‌కు నా కళ్లు మూతపడలేదు

ఈ డిసెంబర్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు నా చేతుల వంకే చూస్తున్నారు. కత్తెర పట్టుకోగలుగుతున్నానా, సూదిలో దారం ఎక్కించగలుగుతున్నానా అని. ఎక్కించగలుగుతున్నాను. ఆదోనిలో జాకెట్లు కుట్టి బతికేదాన్ని, ఆ పని మళ్లీ చేతికొచ్చింది కాబట్టే ఇది రాయడానికి ధైర్యం వచ్చింది. నాకొచ్చిన జబ్బు గురించి రాయాలి. దానికంటే ముందు, ఆ జబ్బును సాకుగా పెట్టుకొని మా అక్కను మాటలన్న వాళ్ల గురించి రాయాలి, ఎందుకంటే జబ్బు తగ్గింది గానీ ఆ మాట ఇంకా తగ్గలేదు.

పోయిన సంవత్సరం నవంబర్ చివర్లో ఇంట్లో అందరికీ విరేచనాలు పట్టుకున్నాయి, నీళ్ల వల్లనో తిండి వల్లనో తెలీదు, ఓఆర్ఎస్ తాగి అందరం లేచి తిరిగాం. డిసెంబర్ అంటే నాకు ఊపిరాడని నెల. చర్చికి వెళ్లే ఆడవాళ్లందరికీ క్రిస్మస్‌కు కొత్త జాకెట్ కావాలి, అందరికీ 24వ తేదీ లోపలే కావాలి. మా ఆయన పత్తి మిల్లులో పని చేస్తాడు, ఆదోని మార్కెట్‌కు పత్తి బండ్లు బారులు తీరే కాలం కూడా అదే. కాబట్టి పాదాల్లో తిమ్మిరి మొదలైనప్పుడు ఇద్దరం మిషన్ తొక్కి తొక్కి వచ్చిందనుకున్నాం. మరుసటి రోజుకు తిమ్మిరి మోకాళ్ల దాకా వచ్చింది. మిషన్ మీద కాలు ఉంది గానీ తొక్కడానికి బలం లేదు. హుక్కు పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది.

ఊళ్లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన నా కాలు ముట్టుకోలేదు, మోకాలి మీద సుత్తితో కొట్టి చూడలేదు. “పండగ పని ఎక్కువైంది, వీక్‌నెస్, ఆడవాళ్లకు ఈ నెలలో ఇదంతా టెన్షన్” అని సెలైన్ పెట్టి, బలానికి సూది వేసి, డబ్బులు తీసుకొని పంపించాడు. నడవలేక మా ఆయన భుజం పట్టుకొని లోపలికి వచ్చిన మనిషికి టెన్షన్ అని చెప్పడానికి ఆయనకు నోరెలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ రాత్రి బాత్రూములో కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేదు. మావైపు బంధువులు పక్షవాతం అన్నారు, నాటు వైద్యానికి తీసుకుపొమ్మన్నారు. మా ఆయన ఎవరి మాటా వినకుండా ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. ఈ మనిషికి నేను రుణపడి ఉన్న వాటిలో ఇదే పెద్దది.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ, పీజీ చదువుతున్న పిల్ల, నా మోకాలి మీద రబ్బరు సుత్తితో కొట్టింది. కాలు కదల్లేదు. మడమ దగ్గర, మోచేతి దగ్గర కొట్టింది, అక్కడా ఏమీ లేదు. ఈ మధ్య జ్వరమో విరేచనాలో వచ్చాయా అని అడిగింది. అప్పుడే ఆమెకు తెలిసిపోయిందనుకుంటా. జబ్బు పేరు గులియన్ బారే, జీబీఎస్ అంటారు. ఏదో ఒక ఇన్ఫెక్షన్ వచ్చి పోయాక, దాని మీద పోరాడాల్సిన మన రోగనిరోధక శక్తే దారి తప్పి మన నరాల మీద పడుతుందట, నరాల పైనున్న పొర దెబ్బతింటుందట. కింద మొదలై పైకి పాకుతుంది. ఛాతీ దాకా వస్తే ఊపిరి తీసుకునే కండరాలు కూడా ఆగిపోవచ్చు. వెన్నులోంచి నీరు తీశారు, నరాల పరీక్ష చేశారు, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మందు ఇమ్యునోగ్లోబ్యులిన్, మనిషి బరువును బట్టి ఐదు రోజులు ఎక్కిస్తారు. బయట కొంటే లక్షల్లో అవుతుంది. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా మేం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటాం, ఆ కార్డు మీదే మందు వచ్చింది. ఆ కార్డు లేకపోతే మా ఇల్లు అమ్మినా చాలేది కాదు.

మందు మొదలుపెట్టిన రోజు డిసెంబర్ 24. మందు ఎక్కగానే తగ్గిపోతుందనుకున్నాను. ఎక్కుతుండగానే జబ్బు ఇంకా పైకి వచ్చింది. సాయంత్రానికి మూతి కదలడం ఆగిపోయింది, రెండు వైపులా. నీళ్లు నోట్లో పోస్తే పెదాల పక్క నుంచి కారిపోతున్నాయి. తర్వాత కళ్లు. రెప్పలు కిందికి దిగవు. నిద్ర ముంచుకొస్తుంది గానీ కళ్లు తెరిచే ఉంటాయి, ఐసీయూ ట్యూబ్‌లైటు నేరుగా కళ్లల్లోకి. సిస్టర్ వచ్చి కళ్లల్లో ఆయింట్‌మెంట్ వేసి, రెప్పలు చేత్తో మూసి, పైన ప్లాస్టర్ అంటించింది. నేను ఒక కన్ను వదిలేయమని సైగ చేశాను. రెండూ మూసేస్తే చచ్చిపోయానో బతికున్నానో నాకే తెలీదనిపించింది.

ఆ డాక్టరమ్మ గంట గంటకూ వచ్చేది. “అమ్మా, గట్టిగా ఊపిరి తీసుకొని ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెడతావో పెట్టు” అనేది. సాయంత్రం 22 దాకా వెళ్లాను. రాత్రి పది దాటాక 17. అర్ధరాత్రి 13. ఆ అంకె తగ్గితే ఏమవుతుందో ఆమె చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే మంచం పక్కన ట్రేలో గొంతులోకి వేసే గొట్టం సిద్ధంగా పెట్టారు, వెంటిలేటర్ మిషన్‌ను దగ్గరికి జరిపారు. ఒక్క కంటితో నేను దాన్నే చూస్తున్నాను. ఎక్కడో దూరంగా క్యారల్స్ పాడేవాళ్ల డప్పులు వినిపిస్తున్నాయి. ఆ సమయానికి మా వీధిలో నక్షత్రాలన్నీ వెలుగుతుంటాయి, మా పిల్ల జేజి దగ్గర కొత్త బట్టలు పక్కన పెట్టుకొని పడుకొని ఉంటుంది, నేను కుట్టకుండా వదిలేసిన జాకెట్లు మిషన్ మీద కుప్పగా పడి ఉంటాయి. ప్రార్థన చేద్దామంటే మాట రావడం లేదు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు అని మనసులో అంకెలే తిరుగుతున్నాయి. చివరికి ఆ అంకెలే ప్రార్థన అనుకున్నాను. ప్రభువా పదకొండు, ప్రభువా పన్నెండు. తెల్లవారుజామున డాక్టరమ్మ మళ్లీ అడిగితే 11 దగ్గర ఆగిపోయాను. ఆమె నా చేయి పట్టుకొని నిలబడింది, ఆక్సిజన్ చూసింది, పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది, ఇంకో గంట చూద్దామన్నారు. ఆ గంట తర్వాత కూడా 11. తగ్గలేదు! ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను. గొట్టం వేయలేదు.

డ్యూటీ అయిపోయినా ఆ పిల్ల ఇంటికి పోలేదని తర్వాత తెలిసింది. ఆమె ఏ దేవుణ్ణి మొక్కుతుందో నాకు తెలీదు. నా క్రిస్మస్ ప్రార్థనల్లో ఆమె పేరు బతికినంత కాలం ఉంటుంది.

ఇక పొద్దున బయట జరిగిన సంగతి. ఇది నేను చూడలేదు, ఐసీయూ బయట మెట్ల దగ్గర జరిగింది.

మా అక్కది కోసిగి దగ్గర పల్లె. అక్కడ వానలు లేకపోతే సగం ఊరు సుగ్గికి పోతుంది, గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. ఆ ఏడాది మార్చిలో మిరపచేలోనే మా బావకు గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి చేరేలోపే పోయినాడు. అప్పుంది కాబట్టి అక్క ఆ సంవత్సరం కూడా సుగ్గికి పోక తప్పలేదు. బావ లేని మొదటి క్రిస్మస్, పండగ వద్దనుకొని గుంటూరులోనే ఉండిపోదామనుకుంది. నా సంగతి విని రాత్రి బండెక్కి, పత్తి తీసిన చేతులతో, పాత చీరతో, 25 పొద్దున్నే కర్నూలులో దిగింది.

అదే సమయానికి మా చర్చి నుంచి ఒక పెద్దావిడ, మాకు చిన్నమ్మ వరుస, నన్ను చూడడానికి వచ్చింది. లోపలికి వదల్లేదు. ఆమె అక్కను పట్టుకొని అన్న మాట ఇది: “ఒకే ఏడాదిలో నీ మొగుడు పోయినాడు, ఇప్పుడు చెల్లెలు ఇట్లయింది. మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉండాది. అది బయట పెట్టేదాకా దేవుడు చెయ్యి తీయడు.” పండగ రోజు పొద్దున. రాత్రంతా ప్రయాణం చేసి, ఇంకా టీ కూడా తాగని మనిషితో. అక్క మాట్లాడలేదట. తల దించుకొని చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ ఉండిపోయిందట.

పక్కన మా పిల్ల ఉంది. ఆరో తరగతి. నన్ను వార్డుకు మార్చాక వచ్చి, నా మంచం పక్కన కూర్చొని, “అమ్మా, మనం ఏం పాపం చేసినాం?” అని అడిగింది. నాకు మాట స్పష్టంగా రాదు, మూతి కదలదు. ఏమీ చేయలేదమ్మా అని చెప్పడానికి ఎంతసేపు పట్టిందో. ఆ పిల్ల నమ్మిందో లేదో కూడా తెలీలేదు, ఎందుకంటే నా ముఖంలో నవ్వు లేదు, నవ్వడానికి నరాలు లేవు. ఆ జబ్బు పెట్టిన బాధంతా ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక ఎత్తు.

పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా ఇదే అడిగారు, పాపం చేసింది వీడా, వీడి అమ్మా నాన్నా అని. ఇద్దరూ కాదు అన్నాడు యేసు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది, చర్చికి వెళ్లే వాళ్లందరూ విన్నదే. విని కూడా ఆసుపత్రి మెట్ల మీద అదే ప్రశ్న ఎలా అడుగుతారు? కష్టంలో ఉన్న ఇంటికి వస్తే కారణం తేవద్దు, ఒక టిఫిన్ బాక్సు తెస్తే చాలు. మా పాస్టరయ్య ఆ రోజు ఆరాధన ముగించుకొని కర్నూలు వచ్చాడు. ఇడ్లీ పొట్లాలు తెచ్చి అక్క చేతిలో పెట్టి, తిన్నదాకా పక్కనే కూర్చున్నాడు, వాక్యం చెప్పలేదు. ఆయన మంచి పాస్టరని నాకు ఆ రోజే తెలిసింది. నన్ను వార్డుకు మార్చాక ఒక మధ్యాహ్నం ఇంకెవరో రొట్టె, పళ్లు పంచడానికి వచ్చి రోగులతో ఫొటోలు తీసుకోబోతే మా ఆయన వద్దని గట్టిగా చెప్పాడు. పళ్లు పంచినందుకు వాళ్లకు మేలు జరగాలి, కానీ మూతి కదలని మనిషిని ఫొటో తీయడం ఎందుకు?

అక్క మాత్రం ఆ మాట గురించి నాతో ఎత్తలేదు. నా పాదాలకు నూనె రాస్తూ వేరే మాట చెప్పింది. “పండగ పండగంటారు గానీ, ఆ తల్లి నిండు కడుపుతో పరాయి ఊరికి పోయింది, బిడ్డ పుట్టినాక మళ్లీ ఐగుప్తుకు పారిపోయింది. ఏసయ్య కూడా సుగ్గికి పోయిన ఇంటి బిడ్డే కదమ్మీ.” బావ పోయినప్పటి నుంచి ఆమె ఏడవడం నేను చూడలేదు. ఆ రోజు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. నా కన్ను మూతపడదు కాబట్టి నీళ్లు ఆగకుండా కారుతూనే ఉన్నాయి, అక్కే తుడిచింది.

తర్వాతంతా నెలల పని. ముందు కనురెప్పలు వచ్చాయి, తర్వాత మూతి, తర్వాత చేతులు, చివరికి పాదాలు. ఫిజియో చేసే అబ్బాయి చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమంటే వేళ్లు మూసుకునేవి కావు. రాత్రుళ్లు నడుము నొప్పి, కాళ్లల్లో మంట, దానికి వేరే మాత్రలు. ఏప్రిల్‌లో గోడ పట్టుకొని నిలబడ్డాను. కాలితో తొక్కడం ఇప్పటికీ కష్టం, మిషన్‌కు మోటారు పెట్టించుకున్నాను. ఎడమ పాదం కొంచెం ఈడుస్తుంది.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. విరేచనాలో జలుబో వచ్చి తగ్గిన కొన్ని రోజులకో వారాలకో, రెండు కాళ్లల్లో తిమ్మిరి మొదలై రోజురోజుకూ పైకి వస్తుంటే ఆగొద్దు. పక్షవాతం మామూలుగా ఒక్కసారిగా, ఒక పక్కన వస్తుంది, ఇది రెండు పక్కలా కింది నుంచి వస్తుంది. నాటు మందు, మాలిష్, బలం సూదులు అని రోజులు పోగొట్టుకోవద్దు. మింగడం కష్టమైనా, మాట మారినా, ఆయాసం వచ్చినా ఆ నిమిషమే పెద్దాసుపత్రికి పోండి, నరాల డాక్టరున్న చోటికి. ఈ జబ్బు మొదలైన రెండు వారాల్లోపు మందు పడితేనే బాగా పనిచేస్తుంది. టెన్షన్ అని పంపించేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి పోండి.

ఈ సంవత్సరం అక్క సుగ్గికి క్రిస్మస్ తర్వాతే పోతానంది. పండగకు పిల్లల్ని తీసుకొని మా ఇంటికి వస్తోంది, ఓళిగలు ఆమే చేస్తుంది, బావకు ఇష్టం కాబట్టి పోయిన ఏడాది చేయలేదు, ఈ ఏడాది అందుకే చేస్తానంటోంది.

పోయిన వారం ఆ చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. జాకెట్ గుడ్డ తెచ్చింది, పండగకు కుట్టివ్వమని. “దేవుడు నిన్ను లేపినాడు చూడు” అంది. నేను కొలత జాకెట్ తీసుకున్నాను, గుడ్డ తీసుకున్నాను. తర్వాత చెప్పాను: “చిన్నమ్మా, కుట్టి ఇస్తాను. కూలి కూడా వద్దు. కానీ ఆసుపత్రి మెట్ల దగ్గర మా అక్కతో నువ్వన్న మాట నా బిడ్డ వినింది. 24న అక్క ఇక్కడికి వస్తాది. నువ్వొచ్చి, ఆ మాట తప్పని ఆమెకు చెప్పి, నా బిడ్డ ముందర చెప్పి, జాకెట్ తీసుకుపో.” ఆమె ముఖం చిన్నబోయింది. నేను అన్నది గుర్తులేదంది. నాకు గుర్తుంది అన్నాను. కాసేపు నిలబడి, సరే వస్తాలే అని వెళ్లింది.

జాకెట్ అయిపోయింది, హుక్కులు నా చేత్తోనే వేశాను. ఆమె వస్తే మంచి నీళ్లిచ్చి కూర్చోబెడతాను. రాకపోతే జాకెట్ మా పిల్ల చేత పంపను.