దామోదర నామంలో ఉన్న తాడు

కార్తీకం నెలంతా మన నోట్లో నానే పేరు దామోదరుడు. దామం అంటే తాడు, ఉదరం అంటే పొట్ట. మురారి, కంసారి వంటి పేర్లు కృష్ణుడి గెలుపులు చెబుతాయి. ఇది మాత్రం అమ్మకు దొరికిపోయిన పేరు!

విష్ణు సహస్రనామాల్లో ఇది 367వది. శంకర భాష్యం దీనికి వేరే అర్థాలూ ఇచ్చింది. దామాలంటే లోకాలు, అవి పొట్టలో ఉన్నవాడని ఒకటి. దమం, అంటే ఇంద్రియ నిగ్రహం, దానితో అందేవాడని మరొకటి. దామం, దమం చెవికి ఒకేలా వినిపిస్తాయి గానీ ధాతువులు వేరు: ఒకటి కట్టడం, ఇంకొకటి అణచడం. ఈ అర్థాలు గొప్పవే. నాకు మాత్రం రోలూ తాడూ ఉన్న అర్థమే ఇష్టం. పోతన గారిదీ అదే దారి:

చిక్కడు సిరికౌగిటిలో
జిక్కడు సనకాది యోగి చిత్తాబ్జములం
జిక్కడు శ్రుతిలతికావళి
జిక్కె నతడు లీల దల్లిచేతన్ ఱోలన్

మన 'చిక్కు'లో దొరకడమూ ఉంది, ఇరుక్కోవడమూ ఉంది. మొదటి మూడు పాదాల్లో ఆయన ఎవరికీ దొరకడు. నాలుగో పాదంలో దొరికాడు, ఇరుక్కున్నాడు కూడా.

భాగవతం దశమ స్కంధంలో ఆ ఘట్టం చూడండి. కోతికి వెన్న పెడుతూ పట్టుబడ్డాడు. పిల్లాడు బెదిరిపోయాడని యశోద చేతిలో కర్ర పారేసింది. కట్టబోతే తాడు రెండు వేళ్ల మేర తక్కువైంది. ఇంకోటి ముడేసింది, మళ్లీ అంతే. ఇంట్లో తాళ్లన్నీ అయిపోయాయి. గోపికలు నవ్వుతున్నారు. ఆమెకు ఒళ్లంతా చెమట, కొప్పులోంచి పూలు జారిపోతున్నాయి. ఆ అలసట చూసి 'కృపయాసీత్ స్వబంధనే' అంటుంది సంస్కృత మూలం. జాలిపడి తానే కట్టుబడ్డాడు. ఆ రెండు వేళ్లలో ఒకటి మన ప్రయత్నం, రెండోది ఆయన దయ అని పెద్దలు చెబుతారు. లెక్క బాగానే ఉంది గానీ, యశోద ఏ లెక్కా వేసుకోలేదు. ఎలాగైనా కట్టెయ్యాలి, అంతే!

తర్వాత ఆ రోలు ఈడ్చుకుంటూ వెళ్లి, నారదుడి శాపంతో జంట మద్దిచెట్లైన కుబేరుడి కొడుకులు నలకూబర మణిగ్రీవులను విడిపించాడు. కట్టు మాత్రం ఇంకా ఆయన నడుముకే ఉంది. అప్పుడే విడుదలైన ఆ ఇద్దరూ ఏం అడిగారు? మా మాట నీ గుణాలు చెప్పడంలో, చెవులు నీ కథల్లో, చేతులు నీ పనిలో, మనసు నీ పాదాల దగ్గర ఉండిపోవాలని. గుణం అంటే సంస్కృతంలో తాడు కూడా.