మా సార్ పేరుతో వచ్చిన మెసేజ్

పోయిన ఎండాకాలం నల్గొండలో రామగిరి వైపు ఇల్లు మారాం. సోఫా, ఫ్రిజ్ కోసం ప్రకాశం బజార్‌లో ధరలు అడుగుతున్న రోజుల్లోనే ఫేస్‌బుక్‌లో మా లెక్కల సార్ ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపారు. రిటైరై దేవరకొండలో ఉంటున్నారు. పాత అకౌంట్ పోయి కొత్తది తెరిచారేమో అనుకున్నాను.

రెండో రోజు "హాయ్, ఎలా ఉన్నారు, మీ నంబర్ పంపండి" అని మెసేజ్. సీఆర్‌పీఎఫ్‌లో పనిచేసే స్నేహితుడికి ట్రాన్స్‌ఫర్ అయిందట, ఇంటి సామానంతా తక్కువ ధరకే ఇచ్చేస్తున్నాడట. కాసేపటికి ఆ ఆఫీసర్ హిందీలో ఫోన్ చేశాడు. యూనిఫాంలో దిగిన ఫొటో, ఐడీ కార్డు, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. సార్ చెప్పిన మనిషే కదా అని అడ్వాన్సు 18,500 రూపాయలు యూపీఐలో పంపేశాను.

అరగంట కాకముందే లారీ కిరాయికి ఇంకో 9,000 కావాలన్నాడు, సామాను దిగాక తిరిగి ఇస్తాడట. అప్పుడు భయమేసింది. సార్ మెసేజ్‌లు మళ్లీ చదివాను. "ఎలా ఉన్నారు", "పంపండి". ఆరో తరగతి నుంచి మా సార్ నన్ను "ఏరా" అనే పిలిచారు. ఒక్కసారి కూడా "మీరు" అనలేదు. ఆ మాట ముందే చూసి ఉండాల్సింది.

వెంటనే సార్‌కే ఫోన్ చేశాను. "నేనెవ్వరికీ మెసేజ్ పెట్టలేదురా. పొద్దుగాల నుంచి నీది మూడో ఫోను" అన్నారు.

నాకు చేతులు ఆడలేదు. కోపంతో చాట్ మొత్తం డిలీట్ చేయబోతుంటే మా తమ్ముడు ఫోన్ లాక్కొని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కలిపాడు. అవతలి వాళ్లు అడిగింది సూటిగా ఉంది: ఏ బ్యాంకు, ఎంత, ఎన్నింటికి, యూటీఆర్ నంబరు ఎంత. పేమెంట్ హిస్టరీలో ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల నంబరు ఉంటుంది, అదే యూటీఆర్. ఫిర్యాదు నంబరు మెసేజ్‌లో వచ్చింది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపాం. చాట్ స్క్రీన్‌షాట్లు, వాడి ఫోన్ నంబరుతో పాటు ఆ దొంగ ప్రొఫైల్ లింకు కూడా పెట్టాం. పేరు, ఫొటో ఎప్పుడైనా మార్చేస్తారు కాబట్టి లింకు ముఖ్యమని తమ్ముడు పట్టుబట్టాడు. తర్వాత మా బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చాం.

డబ్బు వెళ్లిన ఖాతాలో 11,000 ఆపగలిగారు. మిగతాది అప్పటికే తీసేశారు. ఇంకో గంట సిగ్గుతో కూర్చుని ఉంటే ఆ 11,000 కూడా ఉండేది కాదని నా నమ్మకం. ఆపిన డబ్బు చేతికి రావడానికి మాత్రం నెలలు పట్టింది. పోలీస్ స్టేషన్‌కు కాగితాలు, కోర్టు, చివరికి లోక్ అదాలత్‌లో ఆర్డర్. ప్రతిచోటా అడిగింది ఆ ఫిర్యాదు నంబరే.

డబ్బు పోయిన ఆ వారం ఆదివారమే దేవరకొండ వెళ్లి సార్ పక్కన కూర్చున్నాను. దొంగ ప్రొఫైల్ తెరిచి చూస్తే అన్ని ఫొటోలూ ఒకే రోజు పెట్టినవి, అన్నీ సార్ అసలు పేజీ నుంచి ఎత్తినవే. వేరే మనిషిలా నటిస్తున్నారని రిపోర్ట్ చేశాం, పాత బ్యాచ్ వాళ్లందరితో చేయించాం. సార్ ఫ్రెండ్స్ లిస్టు ఊరందరికీ కనిపించేలా ఉంది. మా పేర్లు వాడికి దొరికింది అక్కడే అనుకుంటా. దాన్ని ఆయనకు మాత్రమే కనిపించేలా మార్చాను.

బయల్దేరుతుంటే సార్ ఒక నంబరు చేతిలో పెట్టారు. ఆ పొద్దున ఫోన్ చేసిన ముగ్గురిలో ఒకడు 40,000 పంపాడట, ఇంట్లో ఇంకా చెప్పలేదట. "నాతోని మాట్లాడలేకపోతున్నడు, నువ్వు మాట్లాడురా" అన్నారు. బస్టాండ్‌లో నిలబడి ఫోన్ చేశాను. వాడికి యూటీఆర్ నంబరు దొరికేదాకా లైన్‌లోనే ఉన్నాను.