పల్లం వైపు

మా నాన్న నన్ను ఎన్నడూ పార పట్టనివ్వలేదు. గుంటూరు పక్క పల్లెలో మాకు మిరప తోట ఉండేది. బోదెలకు నీళ్ళు పెట్టే వేళ నేను గట్టు మీదికి వస్తే "నీ పని పుస్తకాలమ్మా, ఇంటికి వెళ్ళు" అని పంపేసేవారు. అలా చదువుకుని అమెరికా చేరిన నేను, నలభై దాటాక వర్జీనియా కొండల్లో మొదటిసారి పార పట్టాను. అప్పుడు నా పక్కన మా అబ్బాయి ఉన్నాడు.

జార్జియా నుంచి మెయిన్ దాకా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అప్పలాచియన్ కాలిబాట మా ఇంటికి గంట ప్రయాణంలో ఉంది. 1921లో బెంటన్ మకై ప్రతిపాదించగా 1937లో పూర్తయిన ఆ బాటను ఇప్పటికీ ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే చూసుకుంటారు. చెట్ల మీద తెల్ల రంగు గుర్తులు వేయడం, అడ్డం పడిన కొమ్మలు తీయడం వంటివి తేలిక పనులు. అసలు కష్టమంతా నీటితోనే. వాననీరు బాట వెంబడి పారితే మట్టి కోసుకుపోతుంది, నడిచేవాళ్ళు బురద తప్పించుకోవడానికి పక్కకు తొక్కుతారు, దాంతో బాట వెడల్పై చుట్టూ ఉన్న మొక్కలు చచ్చిపోతాయి. అందుకే బాటకు అడ్డంగా, ఏటవాలుగా రాళ్ళో దుంగలో పాతి నీటిని పల్లం వైపు మళ్ళిస్తారు. ఆకురాలు కాలంలో వాటి వెనక ఆకులూ మట్టీ పేరుకుంటాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ తీస్తూ ఉండాలి.

ఆ పనిలో నా నోటికి వచ్చినవన్నీ నాన్న మాటలే: ఒండ్రు, గట్టు, బోదె, గండి. వారాంతపు తెలుగు తరగతిలో అక్షరాలు నేర్చినా, ఫోనులో "బాగున్నాను తాతయ్యా" దాటి మాట్లాడని మా వాడు, ఒక ఆదివారం "తాతయ్యా, ఒండ్రు తీసి గండి కొట్టాను" అన్నాడు. ఆవలి నుంచి ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. తరువాత నాన్న రాళ్ళు ఎంత ఏటవాలుగా ఉన్నాయో, మట్టి ఎర్రదో నల్లదో అడుగుతూ అరగంట మాట్లాడారు.

"అంత దూరం పోయి పిల్లాడి చేత కూలిపని చేయిస్తున్నావా" అని దగ్గరి బంధువు ఒకరు అన్నారు. ఆ మాట నన్ను నొప్పించింది గాని, దాని వెనక ఉన్నది నాకు తెలుసు. పార తప్ప గతిలేక బతికిన మనుషుల మధ్య పెరిగాను నేను. బతకడానికి పార పట్టడమూ, ఇష్టపడి ఆదివారం పూట పట్టడమూ ఒకటి కావని మా వాడికి దాచకుండా చెప్పాను, నాన్న అరచేతుల్లోని పగుళ్ళు చూపించి మరీ చెప్పాను.

ఆ చేతులు చూపించింది పోయిన డిసెంబరులో గుంటూరు వచ్చినప్పుడు. ఆ వారంలోనే ముగ్గురమూ కొండవీడు వెళ్ళాము. రెడ్డి రాజుల కోటకు ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉన్నా, మా వాడు కాలినడకనే ఎక్కుదామని పట్టుబట్టాడు. ఒక మలుపు దగ్గర ఎండుటాకులూ మట్టీ పూడిపోయి, వాననీరు పక్కకు పోయే దారి లేక మెట్ల మీదుగానే పారిన గుర్తులు కనిపించాయి. వాడు నన్ను అడగనైనా అడగకుండా కూర్చుని, రాళ్ళు కదపకుండా ఆకులూ మట్టీ మాత్రం పుల్లతో, చేతులతో తీయసాగాడు. ఆయాసంతో మెట్టు మీద కూర్చున్న నాన్న చేతికర్ర చాచి, "అటు కాదురా నాయనా, ఇటు తెరువు. నీరు పల్లమెరుగు" అన్నారు.

"పల్లమంటే తగ్గుగా ఉండేదేనా తాతయ్యా?"

"నీళ్ళు పోసి చూడు, అదే చెబుతుంది."

వాడు సీసాలోని నీళ్ళు వంచాడు. నీరు మెట్టు అంచున కాస్త ఆగి, ఒక ఎండుటాకును తేల్చుకుంటూ పక్కకు తిరిగి పొదల్లోకి జారిపోయింది. నాన్న తన సీసా కూడా మూత తీసి వాడి చేతికిచ్చారు.