బర్న్‌డౌన్ గీత మళ్ళీ దిగలేదు

ఈ స్ప్రింట్ (రెండు వారాల పని విడత) కూడా బోల్తా కొట్టింది. మిగిలిన పనిని చూపే మన గళ్ళనుడి యాప్ బర్న్‌డౌన్ చార్టు 21 పాయింట్ల (పని బరువుకు మనమేసే అంచనా) దగ్గర మొదలై, పదో రోజు దాటినా 19 దగ్గరే కూర్చుంది. చివరి ఆదివారం రాత్రి ఒక్కసారిగా 11కి పడింది, అక్కడితో గడువు అయిపోయింది. సగానికి పైగా పని తర్వాతి స్ప్రింట్ నెత్తిన పడింది.

ఆధారాల ఎడిటర్ మాత్రం పూర్తయింది, రివ్యూలో వాడి చూసినవాళ్ళకు నచ్చింది.

చికాకు పెట్టింది బోర్డు మీద ఒకే పని కార్డు: మాటను గళ్ళుగా విడగొట్టడం. 'లక్ష్మి' మనకు రెండు గళ్ళు, ల, క్ష్మి. కంప్యూటర్లో అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్‌లో ఏడు కోడ్‌పాయింట్లు. కొత్త ఫోన్‌లో రెండు గళ్ళే వచ్చాయి. పాత ఆండ్రాయిడ్‌లో నాలుగు: ల, క్, ష్, మి. తెలుగు ఒత్తులను విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. ఫోన్‌లో ఉన్న లైబ్రరీ మీద ఆధారపడితే పాత ఫోన్లకు ఆ సంగతి తెలియదు. అందుకని పొల్లు తర్వాత హల్లు వస్తే అదే గడిలో కలిపేలా మనమే రాసుకున్నాం. వెంటనే 'సాఫ్ట్‌వేర్' అడ్డం తిరిగింది. ట్ తర్వాత అక్షరాలను కలవనివ్వని, కంటికి కనపడని గుర్తు, జడ్‌డబ్ల్యూఎన్‌జే ఉంటుంది, అక్కడ ఆగాలి.

ఇదంతా కలిపి చేతిపని నాలుగున్నర గంటలు. కార్డు మొదలైనప్పటి నుంచి బోర్డులో 'పూర్తి' గడికి చేరడానికి 12 రోజులు. మిగతాదంతా టెస్టింగ్ గడిలో పడిగాపులే. ఒక దశలో అక్కడ ఐదు కార్డులు పోగుపడ్డాయి. టెస్టింగ్ చూసే మనిషికి ఆదివారం తప్ప ఖాళీ ఉండదు. ఒకసారి తప్పని తేలితే మళ్ళీ వచ్చే ఆదివారమే. రెండు వారాల స్ప్రింట్‌లో దొరికేవి రెండే ఆదివారాలు!

స్ప్రింట్ అయ్యాక పెట్టుకునే రెట్రోలో తలా ఒక కారణం చెప్పారు. ఆ కార్డుకు 3 పాయింట్లు కాదు, 8 ఇవ్వాల్సిందని ఒకరు. ఎన్ని ఇచ్చినా ఆదివారం ముందుకు జరగదు కదా. అసలు మనం పాటించే స్క్రమ్ పద్ధతికి ఆధారమైన స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ల ఊసే లేదు. స్ప్రింట్‌ను మూడు వారాలు చేద్దామని ఇంకొకరు. ఇంకో ఆదివారం దొరుకుతుంది, దాంతోపాటు ఇంకో నాలుగు కార్డులూ వచ్చి చేరతాయి. టెస్టింగ్‌కు వెళ్ళిన కార్డుకు సగం పాయింట్లు ఇద్దామన్న మాటకు నేను అస్సలు ఒప్పుకోను. 2001లో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి మొదలుపెట్టిన ఎజైల్ (స్క్రమ్ దీని కిందికే వస్తుంది) సూత్రాల్లో ఒకటి, పనిచేసే సాఫ్ట్‌వేరే ప్రగతికి ముఖ్యమైన కొలమానమని. పాత ఫోన్‌లో లక్ష్మిని నాలుగు ముక్కలు చేసే కోడ్‌కు సగం మార్కులేంటి?

నాకు అనుమానం రెండింటి మీద. ఒకటి డైలీ, రోజూ ఫోన్‌లో పెట్టుకునే చిన్న మీటింగు. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, అడ్డంకులేంటి అని సంధ్యావందనంలా వల్లించి ఫోన్ పెట్టేస్తున్నాం. ఆ మూడు ప్రశ్నలను 2020 గైడ్‌లోనే తీసేశారు. స్ప్రింట్ గోల్ వైపు ఇవాళ ఏం కదపాలన్నది తేలాలి. మన గోల్ ఏమో 'కార్డులన్నీ పూర్తి చేయడం'. అదీ ఒక గోలేనా!

రెండోది, టెస్టర్ అని విడిగా ఒకరిని పెట్టుకోవడం. గైడ్‌లో ప్రొడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు, అంతే. ఇది ఆఫీసుల నుంచి అంటించుకొచ్చిన అలవాటు.

పనిముట్ల సంగతి: ఐదుగురికి జిరా లాంటి పెద్ద ప్రాజెక్టు టూల్ దండగ, సెట్టింగులకే సాయంత్రం గడిచిపోతుంది. కార్డులు పెట్టుకునే ట్రెల్లో బోర్డు చాలు. కార్డ్ ఏజింగ్ పెట్టాక, ఎవరూ ముట్టుకోని కార్డు వెలిసిపోతూ కనిపిస్తోంది. స్టికీ నోట్లు మాత్రం వద్దు, ఫ్యాన్ వేస్తే బీరువా మీద ఒక్కటీ నిలవదు.

ఇకనుంచి టెస్టింగ్ గడిలో ఒకేసారి రెండు కార్డులే ఉండాలి. మూడోది వస్తే, తెచ్చినవాళ్ళే ముందున్న దాన్ని పరీక్షించి పంపాలి. తను రాసింది తను కాకుండా పక్కవాళ్ళు చూడాలి. స్ప్రింట్ వారమే, బుధవారం నుంచి మంగళవారం దాకా, ఆదివారం మధ్యలో పడేలా. 'పూర్తి' అనిపించుకోవడానికి షరతుల జాబితా, డెఫినిషన్ ఆఫ్ డన్‌లో 'ఆండ్రాయిడ్ 9లో నడవాలి' అని రాసేశాం. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, సాఫ్ట్‌వేర్ లాంటి మాటలతో ఆటోమేటెడ్ టెస్టు రాయాలి, దానికి ఆదివారంతో పనిలేదు. ఈలోగా హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ ఫోన్ ఒకటి చూడాలి. అది దొరికితే నిలువు ఆధారాల స్క్రోలింగ్ పని పట్టొచ్చు. చిన్న తెరల మీద అదింకా కుంటుతూనే ఉంది.