ప్రాస దొరకని మంత్రగత్తె: మేరియన్ లార్న్

మంత్రం మొదలుపెట్టేటప్పుడు ఆంట్ క్లారాకి ఏ అనుమానమూ ఉండదు. రెండు చేతులూ పైకి లేస్తాయి, గొంతు ఖంగుమంటుంది, మొదటి పాదం సాఫీగా దొర్లిపోతుంది. రెండో పాదం చివర ప్రాస కుదిరే మాట దగ్గర బండి ఆగుతుంది. వేళ్ళు పెదాల మీదికి వస్తాయి, చూపు పక్కకి జారుతుంది, నోట్లో నాలుగు తునకలు నలుగుతాయి. ఇంతలో మాట దొరికిన సంతోషం మొహమంతా పరుచుకుంటుంది. దొరికింది తప్పు మాటని ఆమెకి తప్ప గదిలో అందరికీ తెలుసు. పాడైన దీపం బాగుచేయడానికి ఎలక్ట్రీషియన్‌ని రప్పించబోతే కరెంటు మీద ప్రయోగాలు చేసిన పద్దెనిమిదో శతాబ్దపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ వచ్చి నిలబడతాడు.

మంత్రగత్తెల కుటుంబం మీద నడిచే అమెరికన్ టీవీ హాస్య సీరియల్ 'బివిచ్డ్'లో ఈ పాత్ర వేసిన మేరియన్ లార్న్ ఆ సెట్ మీదికి వచ్చేటప్పటికి ఎనభై దాటేసింది. 1883లో పెన్సిల్వేనియాలో పుట్టింది. న్యూయార్క్‌లో నటన నేర్చుకుని, 1905లో అక్కడి పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే ఎక్కింది. నాటక రచయిత వాల్టర్ హాకెట్‌ని పెళ్ళాడి చాలా ఏళ్ళు లండన్‌లో ఉంది. ఆయన రాసేవాడు, ఆమె వేసేది. 1930లో లండన్ వైట్‌హాల్ థియేటర్ తెరుచుకున్నదే హాకెట్ నాటకంతో. 1944లో ఆయన పోయారు. టీవీ చూసేవాళ్ళకి ఆమె పరిచయమైంది ఆ తర్వాతే.

హిచ్‌కాక్ 1951 సినిమా 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రైన్'లో ఆమెది హంతకుడి తల్లి వేషం. నిడివి చాలా తక్కువ. తను వేసిన బొమ్మని కొడుక్కి చూపిస్తుంది. భయంకరమైన బొమ్మ. అచ్చం నాన్నే అని కొడుకు పగలబడి నవ్వుతాడు. అలాగా, నేను సాధువు సెయింట్ ఫ్రాన్సిస్‌ని వేద్దామనుకున్నానే అంటుంది, నొచ్చుకోకుండా, కాస్త ఆశ్చర్యంగా. నవ్వించాలన్న ప్రయత్నం ఎక్కడా కనబడదు. ఆ ఇంట్లో పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. నా లెక్కలో ఆమె చేసిన వాటిలో ఇదే మేలైన పని. క్లారా అభిమానులు ఒప్పుకోరు.

1952లో ఎన్‌బీసీ టీవీలో మొదలైన 'మిస్టర్ పీపర్స్'లో ఇంగ్లీషు టీచర్ మిసెస్ గర్నీగా మూడేళ్ళు చేసింది. అది లైవ్ కార్యక్రమం. కట్ చేసి మళ్ళీ తీసే వీల్లేదు, అరగంట దాటితే ఆపేవాడు ఆగడు. అలాంటి చోట తడబడే పాత్ర వేయడం రెండిందాలా ప్రమాదం. ఆగడం ఒక్క క్షణం ఎక్కువైతే, పాత్ర మరిచిపోయిందా, నటి మరిచిపోయిందా అని చూసేవాళ్ళకి కంగారు పుడుతుంది. కంగారు పుట్టిన చోట నవ్వు రాదు. తక్కువైతే అది మామూలు మాటే.

ఆమెని అనుకరించబోయేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. ప్రతి మాటకీ నత్తి పెడతారు. అది చూస్తే జాలేస్తుంది. లార్న్ అన్ని మాటల దగ్గరా ఆగదు. వాక్యంలో బరువంతా ఏ మాట మీద ఉందో సరిగ్గా దానికి ముందు ఆగుతుంది. మొహానికి విషయం ముందే తెలిసిపోతుంది, గొంతు వెనకబడుతుంది. ఈలోగా ఒళ్ళు తన దారిన తను వెళ్ళిపోతుంది: గోడలోంచి దూరిపోతానన్న ధీమాతో నడుస్తుంది, గోడకి కొట్టుకుంటుంది. చిమ్నీలోంచి దిగుతుంది, మసి పూసుకుని వస్తుంది.

ఎదుటి నటులకీ ఇది పరీక్షే. ఆమె వెతుకుతున్న మాటని తొందరపడి అందిస్తే జోకు చచ్చిపోతుంది. 'బివిచ్డ్' కథానాయిక, మంత్రగత్తె సమాంతాగా ఎలిజబెత్ మాంట్‌గోమరీ ఓపిక పట్టడం గమనించండి. పెద్దావిడ మాట కోసం ఇంట్లోవాళ్ళు ఎదురుచూసినట్టే చూస్తుంది, తొందరపెట్టదు. పైగా 'బివిచ్డ్'ని ఒకే కెమెరాతో ఫిల్మ్ మీద తీసి, నవ్వులు తర్వాత అతికించేవారు. సెట్ మీద నవ్వే జనం లేరు కాబట్టి నవ్వుకి ఎంత ఖాళీ వదలాలో అంచనా మీదే వదలాలి.

ఇక మాయమయ్యే ట్రిక్. కెమెరాని కదలకుండా బిగిస్తారు. ఆగమనగానే నటులు ఉన్నవాళ్ళు ఉన్నట్టే బిగుసుకుపోవాలి. సెట్ కుర్రాడు వచ్చి వస్తువు తీసేస్తాడు, కెమెరా మళ్ళీ తిరుగుతుంది, ఎడిటింగ్‌లో మధ్య ముక్క ఎగిరిపోతుంది. ఈలోగా చెయ్యి కాస్త దిగినా, తల కాస్త వాలినా అతుకు దగ్గర బొమ్మ ఎగిరిపడుతుంది. వేళ్ళు, చూపు, హ్యాండ్‌బ్యాగు అన్నీ రెపరెపలాడే క్లారా ఆ రెపరెపని ఒక్క మాటకి ఆపేసి శిలలా నిలబడాలి, మళ్ళీ అక్కడినుంచే అందుకోవాలి. నిజంగా తడబడే మనిషికి ఇది సాధ్యం కాదు.

క్లారాకి తలుపు పిడులంటే పిచ్చి, ఎక్కడ కనబడినా సేకరిస్తుంది. అది రచయితలు కల్పించింది కాదు, లార్న్ సొంత సరదా. ఆమె దగ్గర నిజంగానే పిడుల సేకరణ ఉండేది, దాన్నే పాత్రకి ఇచ్చారు. (ఆంట్ అన్న మాట వరస చెప్పదు. అత్తా, పెద్దమ్మా అని తెలుగులో మాత్రం తేల్చక తప్పదు. ఆంట్ క్లారా అనే వదిలేయడం సుఖం.)

1966 నాటి ఒక ఎపిసోడ్‌లో క్లారా ప్రియుడు ఆకీ ఆమెని వదిలేస్తే, ఆ దిగులుకి తూర్పు తీరమంతా కరెంటు పోతుంది. అంతకు ముందు ఏడాది నవంబర్‌లో అమెరికా ఈశాన్య ప్రాంతంలో నిజంగానే కరెంటు పోయి పెద్ద చీకటి పడింది కాబట్టి జనానికి వెంటనే అందింది.

లార్న్ చేసిన ఆఖరి ఎపిసోడ్ 1968 ఫిబ్రవరిలో వచ్చింది, క్లారా పొరపాటున గ్రహాంతరవాసుల్ని దింపేది. మే 9న న్యూయార్క్‌లో గుండెపోటుతో లార్న్ చనిపోయింది. పది రోజులకి టీవీ నటనకిచ్చే ఎమ్మీ అవార్డు ఆమె పేరు మీద వచ్చింది. మాంట్‌గోమరీ వెళ్ళి అందుకుంది. మాంట్‌గోమరీకి మాత్రం సమాంతా పాత్రకి ఎప్పుడూ రాలేదు. అదే సీరియల్‌లో పక్కింటి గ్లాడిస్‌గా చేసిన ఆలిస్ పియర్స్‌కి కూడా 1966లో పోయాకే ఎమ్మీ వచ్చింది.

గ్లాడిస్ పాత్రకి ఇంకొకరిని తెచ్చారు. 1969లో సమాంతా భర్త డారిన్ పాత్రధారినే మార్చేశారు. మనుషుల్ని మార్చడానికి ఏమాత్రం మొహమాటపడని ఆ సీరియల్ క్లారా జోలికి మాత్రం పోలేదు. బదులుగా ఎస్మరాల్డా అని కొత్త పాత్ర పెట్టి ఆలిస్ గోస్ట్‌లీకి ఇచ్చారు. లార్న్‌నీ గోస్ట్‌లీనీ ఒకేచోట చూడాలంటే 1967 నాటి సినిమా 'ది గ్రాడ్యుయేట్'లో హోటల్ సీన్ ఉంది. ఎస్మరాల్డా మంత్రాలూ బెడిసికొట్టేవే, కానీ కంగారుపడితే గాల్లో కలిసిపోతుంది. క్లారా అయితే గోడకి తగిలి ఆగేది.