నొప్పి తగ్గాక మిగిలిపోయిన పని

కిందటి సంక్రాంతికి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో సకినం కొరుకుతుండగా అమ్మ కింది దవడ పన్ను నిలువునా చీలింది. అంతకు 7 నెలల ముందే ఆ పన్నుకు రూట్ కెనాల్ (వేరులోని నాళాలను శుభ్రం చేసి మూసే చికిత్స) చేయించాము. రెండు వారాల్లో వచ్చి పన్ను మీద క్యాప్, అంటే గట్టి తొడుగు, వేయించుకోమని డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. "ఇప్పుడు నొస్తలేదు కదా బిడ్డా, మళ్లీ ఖర్చెందుకు" అని అమ్మ అంటే నేనూ ఊరుకున్నాను. చీలిక వేరులోకి దిగడంతో పన్ను తీసేయక తప్పలేదు. ఆ బాధ నన్ను ఇంకా వదలలేదు.

రూట్ కెనాల్ తర్వాత పన్ను ఎండిపోయి పెళుసవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బలం తగ్గేది ప్రధానంగా పుచ్చు తినేసిన భాగం వల్ల, వేరులోని నాళాలను చేరడానికి పైనుంచి తొలిచిన భాగం వల్ల. దవడ పన్ను మీద నాలుగైదు గుబ్బలుంటాయి. నడుమ గట్టిదనం పోయాక, నమిలిన ప్రతిసారీ పడే ఒత్తిడి వాటిని చెరొక పక్కకు నెడుతూ ఉంటుంది. ఎడ్లబండి చక్రానికి బిగించిన ఇనుప పట్టా చెక్కలను విడిపోనీయనట్టే, క్యాప్ ఆ గుబ్బలన్నింటినీ చుట్టూ పట్టి ఉంచుతుంది. ముందు పళ్ల మీద ఇంత ఒత్తిడి పడదు కనుక, ఎక్కువ భాగం మిగిలి ఉంటే వాటికి క్యాప్ అవసరం లేకపోవచ్చు.

వేసవిలో అమ్మకు రెండో వైపు దవడ పన్నుకూ రూట్ కెనాల్ అవసరమైంది. ఈసారి ఆలస్యం చేయలేదు. క్యాప్‌కు చోటు కావాలి కనుక పన్నును పైన 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల వరకు, చుట్టూ అంతకంటే కాస్త తక్కువగా అరగదీశారు. ఉన్న పన్నునే అరగదీస్తున్నారేమిటని అమ్మ కంగారుపడింది. ఆ కంగారు సహజమే. అయితే చిగురుకు పైన చుట్టూ 2 మిల్లీమీటర్లయినా గట్టి పన్ను మిగిలితేనే క్యాప్‌కు మంచి పట్టు దొరుకుతుందని, విరిగేదాకా ఆగితే ఆ కాస్త ఆధారమూ పోవచ్చని డాక్టరుగారు వివరించినప్పుడు మా మొదటి తప్పు ఎంత పెద్దదో నాకు అర్థమైంది.

లోహం మీద పింగాణీ పూసిన రకం క్యాప్‌లో పింగాణీ పెచ్చు ఊడే అవకాశం ఉందని, కొన్నేళ్లకు చిగురు దగ్గర నల్లని గీత కనిపించవచ్చని తెలిసి జిర్కోనియా అనే గట్టి తెల్లని పింగాణీ రకం క్యాప్ ఎంచుకున్నాము. బిగించిన రోజున నీలి కాగితం కొరికించి ఎత్తు సరిచూశారు. అయినా మర్నాడు ఆ పన్ను ముందుగా తగులుతున్నట్టుందని అమ్మ చెబితే, అలవాటవుతుందిలే అనుకోకుండా వెంటనే తీసుకెళ్లాను. రెండు నిమిషాల్లో సరిచేశారు.

క్యాప్ పుచ్చదు కానీ, దాని అంచు కింద ఉన్న పన్ను పుచ్చుతుంది. అందుకే రాత్రి బ్రష్ చేశాక అమ్మ ఇప్పుడు ఆ అంచు పక్కన, పళ్ల సందులు శుభ్రం చేసే ఫ్లాస్ దారం కూడా వాడుతోంది. చేతికి పట్టు చిక్కని రోజుల్లో అద్దం ముందు నిలబడి నేనే ఆ దారంతో శుభ్రం చేసి పెడుతున్నాను.